అడగని చోటికి ఏ రంగు?

నేను గీసిన మ్యాప్ చూసి నీళ్లు తోడే మోటారును ఒక చోట పెట్టారు. నీళ్లు వేరే చోట వచ్చాయి. 2021 వానాకాలం సంగతి ఇది. ప్రాణాలు పోలేదు. కానీ నాలా పక్కనున్న ఒక బస్తీలో బియ్యం తడిసిపోయాయి, కుట్టుమిషన్ల మోటార్లు కాలిపోయాయి, ఇంటర్ చదివే ఒక అమ్మాయి రికార్డు పుస్తకాలు బురదలో కలిసిపోయాయి. మోటారు ఆ రాత్రి అక్కడ లేకపోవడానికి నా మ్యాప్ ఒక కారణం. ఇప్పుడు ప్రతి వార్డులోనూ ఎవరో ఒకరు లాప్‌టాప్‌లో మ్యాప్ గీస్తున్నారు, ఎవరో ఒకరు దాన్ని చూసి సంతకం పెడుతున్నారు. అందుకే నేను ఎక్కడ తప్పు చేశానో పూసగుచ్చినట్టు చెప్పాలని ఇది రాస్తున్నాను.

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ అంటే బయటివాళ్లకు క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు, సిటీ సెంట్రల్ లైబ్రరీ, త్యాగరాయ గానసభ, గ్రూప్స్ కోచింగ్ సెంటర్లు గుర్తొస్తాయి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు వాన పట్టిందంటే ముందు గుర్తొచ్చేది నాలా. హుస్సేన్‌సాగర్ చెరువు మిగులు నీళ్లు ఈ నాలాలోనే ట్యాంక్‌బండ్ దిగువన మొదలై దోమలగూడ, అశోక్‌నగర్, గాంధీనగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, గోల్నాక మీదుగా అంబర్‌పేట వైపు వెళ్లి మూసీలో కలుస్తాయి. చెరువు నిండు మట్టం 513.41 మీటర్లు. టీవీ తెర కింద ఆ అంకె తిరగడం మొదలైతే మా సందులో సెల్లార్లలో ఉన్న బండ్లు రోడ్డెక్కుతాయి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. మా వైపు ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘ఆ వాన’ అంటే అదే. తర్వాత 2020 అక్టోబరు 13 రాత్రి. బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడితే, అదే రాత్రి ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. ఒక్క ఊరికి ఒక్క వాన ఉండదని ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. అప్పుడు నాకు అది తట్టలేదు.

నా ఉద్యోగం జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేయడం. హైదరాబాద్‌లో ఈ పని చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. అమెరికాలో ఏదో కౌంటీ, అక్కడి నీటి పైపులు, కరెంటు స్తంభాలు, ఇళ్ల హద్దులు. ఉపగ్రహ చిత్రం మీద మౌస్‌తో ఒక్కొక్క గీత గీస్తూ ఇక్కడ కూర్చునే అక్కడి ఊళ్లకు మ్యాపులు చేసి పంపిస్తాం. ఆ ఊళ్లను నేను ఎప్పుడూ చూడలేదు, చూడనవసరం రాలేదు. వాళ్ల దగ్గర చిరునామాలు వరుసలో ఉంటాయి, రికార్డులు సరిగా ఉంటాయి. తెర మీద కనిపించేదే ఊరు అనే అలవాటు ఇన్నేళ్లలో నా చేతికి పట్టేసింది. 2020 వరద తర్వాత మా సొంత ఇలాకాకు మ్యాప్ చేద్దామని కూర్చున్నప్పుడు కూడా అదే చేయి పని చేసింది.

చేసిన పని ఇదీ. కాలనీ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫారం పంపించాను: పేరు, ఇంటి నంబరుతో చిరునామా, ఏ సంఘం, నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఫొటో ఉంటే జత చేయండి. జనం బాగా స్పందించారు. ఆ చిరునామాలన్నిటినీ సాఫ్ట్‌వేర్‌కిచ్చి అక్షాంశ రేఖాంశాలుగా మార్చాను. ఈ పనిని జియోకోడింగ్ అంటాం. వచ్చిన చుక్కలతో క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో హీట్‌మ్యాప్ చేశాను. చుక్కలు దగ్గర దగ్గరగా ఉన్నచోట ఎరుపు, పలచబడితే పసుపు, లేనిచోట ఆకుపచ్చ. కింద ఎస్‌ఆర్‌టీఎం అనే నేల ఎత్తుల లెక్కలు పెట్టి నీళ్లు ఎటు పారతాయో బాణాలు వేశాను. వార్డులవారీ జనాభా కోసం 2011 జనగణన అంకెలు తీసుకున్నాను. పెద్ద ఫ్లెక్సీ మీద ప్రింటు వేయించాను. అందంగా వచ్చింది. ఆ అందమే నన్నూ ఇతరులనూ ప్రశ్నలడగకుండా ఆపిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఎర్ర రంగు కళ్లకు కడితే ఇక లెక్క అడగబుద్ధి కాదు.

వానాకాలానికి ముందు సంఘాలన్నీ కలిసిన ఒక సమావేశంలో దాన్ని గోడకు కట్టాం. పూడికతీత ముందు ఎక్కడ మొదలుపెట్టాలి, ఉన్న ఒక్క మోటారును ఎక్కడ ఉంచాలి అనేది చర్చ. వచ్చిన ఇంజినీరు గారు మ్యాప్ ముందు చాలాసేపు నిలబడ్డారు. ‘ఇట్లాంటిది మా దగ్గర ఉంటే పని ఎంత తేలికవుతుంది’ అన్నారు. ఎరుపు ఎక్కువగా ఉన్నది చిక్కడపల్లి మెయిన్ రోడ్డు పక్కన. మోటారు అక్కడికి దగ్గరగా ఉంచాలని రాసుకున్నారు. నాలా పక్కన బస్తీ ఆకుపచ్చగా ఉంది. దాని గురించి ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు. బస్తీ నుంచి సమావేశానికి వచ్చినవాళ్లూ లేరు, మేం పిలవలేదు. ఇంజినీరు గారిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఆయన ముందు నేను పెట్టింది మ్యాప్, దాని వెనకున్న ఖాళీలు కాదు.

ఆ వానాకాలంలో ఒక రాత్రి రెండు మూడు గంటలపాటు కుండపోతగా కురిసింది. మెయిన్ రోడ్డు పక్కన ఎర్రగా ఉన్న చోట నీళ్లు నిలవలేదు. బస్తీలో ఇళ్లలోకి వచ్చాయి. కుర్రాళ్లు మోటారు కోసం పరిగెత్తారు. దాన్ని ట్రాలీలో ఎక్కించి, మునిగిన సందుల్లోంచి తిప్పి తీసుకొచ్చేసరికి తెల్లవారుతోంది.

రెండు రోజుల తర్వాత బస్తీకి వెళ్లాను. ఒకావిడ ఇంటి ముందు చాపలు ఆరేస్తోంది. నేనెవరో ఎవరో చెప్పినట్టున్నారు.

‘సారూ, మా గల్లీకి పచ్చరంగు ఏసిన్రట గదా. పచ్చ అంటే ఏందన్నట్టు? నీళ్లు రాలేదనా?’

‘ఇక్కణ్నుంచి ఫిర్యాదులు రాలేదమ్మా’ అన్నాను.

‘ఎట్లొస్తయ్? మమ్మల్ని ఎవరన్న అడిగిన్రా?’

కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆవిడే లోపలికి రమ్మని తలుపు పక్క గోడ చూపించింది. సున్నం మీద మూడు గీతలున్నాయి. కిందిది తడి ఆరని కొత్త మరక. దానిపైన 2020 మరక, గోధుమరంగు తిరిగింది. అన్నిటికంటే పైన, సున్నం వేయకుండా వదిలిన చోట, మేకుతో గీకిన గీత. ‘అది మా అత్త గీసింది. పెద్ద వాననాటిది. మళ్ల సున్నమేసినా గీత మీద ఏయనియ్యలే.’ నేను టేపు తీసి నేల నుంచి కొలవబోతే ఆపింది. ‘నేల అప్పుడు ఇంత ఎత్తు లేకుండె. రెండు మెట్లు లేపినం. బయట గల్లీ నుంచి కొలువు.’ వరదమట్టం కొలిచేటప్పుడు దేనితో పోల్చి కొలుస్తున్నామో ముందు తేల్చుకోవాలని నాకు చదువులో చెప్పారు. ఆ సూత్రం ఆవిడ నోట విని గల్లీలోకి వెళ్లి మళ్లీ కొలిచాను.

ఇంకో మాట అడిగాను: నాలా గోడ దాటి వచ్చాయా నీళ్లు? ‘నాలా తర్వాత సారూ. ముందు లెట్రిన్లకెళ్లి ఎగదన్నినయ్. నాలా ఇంకా కిందనే ఉండె.’ అంటే నాలాలో మట్టం పెరగ్గానే దాంట్లో కలిసే మోరీల్లోంచి నీళ్లు వెనక్కి తన్ని, ఇళ్లలోని గొట్టాల ద్వారా లోపలికి వస్తున్నాయి. నాలా పొర్లకముందే ఇళ్లు మునుగుతున్నాయి. నా మ్యాప్‌లోని బాణాలన్నీ నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి పారే దారినే చూపించాయి. భూమి లోపల గొట్టంలో వెనక్కి వచ్చే నీళ్లకు ఆ లెక్కలో చోటే లేదు. నాలా గోడ ఎంత ఎత్తు కట్టినా అక్కడ మోరీ నోటి దగ్గర నీళ్లను వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వ్ పెట్టకపోతే లాభం లేదు. ఇది ఆ ఇంట్లో నిలబడి తెలుసుకున్నాను.

ఇంటికి వచ్చి ఫైలు తెరిచి, రంగులన్నీ తీసేసి, ఉత్త పట్టికను చూశాను. మొదటే చేయాల్సిన పని అది. అక్షాంశాల వరుసను చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు పేర్చితే తెర నిండా ఒకే అంకె కనబడింది. దశాంశం తర్వాత ఆరు స్థానాలదాకా తేడా లేదు. రేఖాంశమూ అంతే. వేర్వేరు ఇళ్లవాళ్లు, వేర్వేరు సందులవాళ్లు అందరూ ఒకే బిందువులో ఉన్నారు.

ఎందుకంటే మన చిరునామాలను సాఫ్ట్‌వేర్ చదవలేదు. చిక్కడపల్లిలో 1-8, నారాయణగూడలో 3-4 అంటూ మొదలయ్యే ఇంటి నంబర్లు పాత వార్డు, బ్లాకు లెక్క ప్రకారం ఇచ్చినవి. తర్వాత ఇళ్లు పంచుకున్నప్పుడల్లా వాటికి బై వన్, బై ఏ అని తోకలు చేరాయి. పక్కపక్క నంబర్లు పక్కపక్క ఇళ్లకు ఉంటాయన్న నమ్మకం లేదు. మనం మాత్రం నంబరుతో ఆగం, ‘గానసభ వెనక సందు’, ‘లైబ్రరీ ఎదురు గల్లీలో మూడో ఇల్లు’ అంటాం. ఆ మాటలు అర్థం కానప్పుడు సాఫ్ట్‌వేర్ ‘తెలియదు’ అనదు. చివర్న ‘చిక్కడపల్లి, హైదరాబాద్ 500020’ అని ఉంది కదా, ఆ పేరుకు తన దగ్గరున్న ఒక బిందువును ఇచ్చేస్తుంది. ఫారం నింపినవాళ్లలో చాలామంది ఇలా ఆ ఒక్క బిందువు మీద పోగుపడ్డారు. నా మ్యాప్‌లో అన్నిటికంటే ముదురు ఎరుపు అదే. అక్కడికి వెళ్లి చూశాను. ఒక టిఫిన్ సెంటరు, పక్కన జెరాక్స్ షాపు. రోడ్డు కాస్త మెరకగా ఉంటుంది. టిఫిన్ సెంటరు యజమానిని అడిగితే ‘2020లో కూడా మాకు నీళ్లు రాలేదన్నా’ అన్నాడు. మోటారు పెట్టింది అతని షాపుకు కూతవేటు దూరంలో.

జియోకోడింగ్ చేసే సాధనాలు చాలావరకు ఎంత కచ్చితంగా చోటు పట్టాయో పక్కన ఒక గడిలో రాసిస్తాయి: ఇల్లు దొరికిందా, వీధి దొరికిందా, ఏరియా మాత్రమే దొరికిందా అని. ఆ గడి నా పట్టికలోనూ ఉంది. నేను చూడలేదు. ఏరియా దగ్గరే ఆగిపోయిన చిరునామాలను పక్కన పెట్టి, ఆ ఇళ్లవాళ్లకు ఫోన్ చేసి, చోటు అడిగి చేత్తో చుక్క పెట్టి ఉంటే ఆ ఎరుపు పుట్టేదే కాదు.

ఎత్తుల లెక్క సంగతీ అంతే. ఎస్‌ఆర్‌టీఎం అనేది 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ వ్యోమనౌక పదకొండు రోజులు తిరిగి రాడార్‌తో కొలిచిన ఎత్తులు. ప్రపంచంలో చాలా భాగానికి ఉచితంగా దొరకడం గొప్ప విషయమే. కొండలు, నదులు చూడటానికి బాగా పనికొస్తుంది. కానీ దాంట్లో ఒక గడి 30 మీటర్లు. అంత గడిలో మా నాలా, రెండు గట్లు, పక్కన మూడంతస్తుల భవనం అన్నీ ఇమిడిపోయి ఒక్క అంకె అవుతాయి. ఆ అంకె నేలదో డాబా మీదదో తెలియదు. పైగా ఎత్తు మీటర్లలో పూర్ణాంకం. మోకాలి లోతు నీళ్ల గురించి మాట్లాడేవాడు మీటరు కంటే తక్కువను చూడలేని లెక్కను ఎలా నమ్మాడో నాకే అర్థం కాదు. తర్వాత ఇరవై ఏళ్లలో కట్టిన అపార్టుమెంట్లు దాంట్లో ఎలాగూ ఉండవు. ఉపగ్రహాలతో వరదను చూడొచ్చు కదా అంటారు. సెంటినెల్-1 రాడార్ చిత్రంలో ఒక పిక్సెల్ 10 మీటర్లు. మా సందు వెడల్పు మూడు మీటర్లు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా రోడ్డు మీద 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో నడుస్తోంది. పైనుంచి తీసిన చిత్రంలో వంతెన కనిపిస్తుంది, దాని కింద నిలిచిన నీళ్లు కనిపించవు.

ఇవన్నీ పనితనంలో తప్పులు. దిద్దుకోవచ్చు. అంతకంటే లోతైన తప్పు ఫారంలోనే జరిగింది. ‘ఏ సంఘం’ అన్న గడి నింపకపోతే ఫారం ముందుకు పోదు. బస్తీలో సంఘం లేదు. ‘ఇంటి నంబరు’ తప్పనిసరి. కొన్ని ఇళ్లకు నంబరు లేదు. ఫారం ఇంగ్లీషులో ఉంది. కాలనీ గ్రూపుల్లో తిరిగింది. దాన్ని తయారుచేసిన రోజే, ఒక్క చుక్క పెట్టకముందే, ఎవరు మ్యాప్‌లో ఉంటారో ఎవరు ఉండరో నేను తేల్చేశాను. తర్వాత లేనివాళ్ల చోటికి ఆకుపచ్చ వేశాను. ఆకుపచ్చ అంటే మనకు క్షేమం. అడగలేదు అన్నదాన్ని క్షేమంగా ఉన్నారు అని రాశాను.

వానాకాలానికి ముందు జరిగిన ఆ సమావేశంలో నా మొదటి స్లైడు జాన్ స్నో మ్యాప్. ఈ రంగంలో ఉన్నవాళ్లంతా అక్కణ్నుంచే మొదలుపెడతారు. 1854లో లండన్ సోహో ప్రాంతంలో కలరా వచ్చి 616 మంది చనిపోయారు. స్నో అనే డాక్టరు చావులను మ్యాప్ మీద గుర్తించి బ్రాడ్ స్ట్రీట్ బోరింగే మూలమని కనిపెట్టాడు, దాని పిడి తీయించాడు, మ్యాప్ ఊరిని కాపాడింది అని చెప్పుకుంటాం. నేనూ అలాగే చెప్పాను. బస్తీ సంగతి జరిగాక మళ్లీ చదివాను. పిడి తీసింది సెప్టెంబరు 8న. అప్పటికే రోగం తగ్గుముఖం పట్టింది. మనం చూసే మ్యాప్‌ను ఆయన వైద్యుల సభలో చూపించింది డిసెంబరులో, పుస్తకంలో అచ్చయింది 1855లో. ముందు జరిగింది ఇంటింటికీ తిరిగి అడగడం. అందులోనూ నన్ను నిలబెట్టేసింది ఆయన ఖాళీల వెంట పడటం. బోరింగుకు దగ్గర్లోనే పేదల వసతిగృహం ఒకటి ఉంది. 535 మంది ఉంటే చనిపోయింది అయిదుగురు. ఎందుకు? వెళ్లి అడిగాడు. వాళ్లకు లోపలే సొంత బావి ఉంది. అదే వీధిలో బీరు తయారుచేసే చోట డెబ్బై మందికి పైగా పనివాళ్లలో ఒక్కరూ పోలేదు. యజమానిని అడిగితే మావాళ్లు ఆ నీళ్లు తాగరు, బీరు తాగుతారు అన్నాడు. హెన్రీ వైట్‌హెడ్ అనే పాదిరి కూడా అవే ఇళ్ల చుట్టూ తిరిగాడు. స్నో చెబుతున్నది తప్పని రుజువు చేద్దామని మొదలుపెట్టి, చివరికి ఆయన మాటే నిజమని ఒప్పుకున్నాడు. నేను ఏళ్ల తరబడి ఆ మ్యాప్‌లోని నల్లగీతలే చూశాను. గీతల్లేని చోట్లను ఆయన వదల్లేదని చూడలేదు.

మన హైదరాబాద్‌లోనూ అలా నడిచి గీసిన పటాలున్నాయి. 1908 మూసీ వరద తర్వాత, 1912 నుంచి 1915 దాకా లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో మున్సిపల్ సర్వే జరిగింది. బావులు, తోటలు, గోడలు విడివిడిగా కనిపించే పటాలవి. ఇప్పుడు డిజిటల్ రూపంలో చూడొచ్చు. ఓ రాత్రంతా వాటిని పెద్దవి చేసుకుంటూ చూశాను. నేల మీద కొలతల గొలుసు పట్టుకుని నిలబడితే తప్ప ఒక బావి పటంలోకి రాదు.

ఆ తర్వాత మా పని మారింది. మా అంటున్నాను, ఎందుకంటే బస్తీలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు నలుగురైదుగురు కలిశారు. రికార్డు పుస్తకాలు పోగొట్టుకున్న అమ్మాయి వాళ్లలో ఒకరు. ఫారం తెలుగులో, నోటితో అడిగేలా తయారుచేశాం. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఆ అమ్మాయి స్నేహితురాలు అడిగేది. ప్రశ్నలు నాలుగే: నీళ్లు ఎటునుంచి వచ్చాయి, ఎంత ఎత్తు, ఎన్ని గంటలు ఉన్నాయి, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు. మడమ, మోకాలు, నడుము అని చెబితే అలాగే రాసుకున్నాం. మరక ఉన్నచోట గల్లీ మట్టం నుంచి టేపు పెట్టాం. మ్యాప్‌లో గుర్తులు మూడు. అడిగాం, నీళ్లు వచ్చాయి. అడిగాం, రాలేదు. అడగలేదు. మూడోదానికి బూడిదరంగు గీతలు వేశాం. మొదట్లో దాదాపు మ్యాపంతా బూడిదరంగే. మెల్లగా తగ్గింది. ఒక అధికారి ‘ఇంత బూడిదరంగుతో ఏం తేల్చమంటారు, రంగులు నింపి తెండి’ అన్నారు. నింపలేదు.

కొందరు చెప్పడానికి ఇష్టపడలేదు. అపార్టుమెంటువాళ్లు ‘మా బిల్డింగును మునిగేదని చూపిస్తే ఫ్లాటు ఎవరు కొంటారు’ అన్నారు. బస్తీవాళ్ల భయం వేరు. చాపలు ఆరేసిన ఆవిడే అడిగింది: ‘గిది రేపు ఎవరి చేతిల పడ్తది? నాలా పక్క ఇండ్లు ఇవీ అని ఇచ్చి, ఖాళీ చేయమంటే?’ అది ఉత్త భయం కాదు. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున సర్వేకు వచ్చిన సిబ్బంది ఇళ్ల గోడల మీద కూల్చాల్సినవన్న గుర్తుగా ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసినప్పుడు ఆ ఇళ్లవాళ్లు ఎంత తల్లడిల్లారో ఊరంతా చూసింది. ఇంటి మీద పెట్టిన చుక్క సాయం తేవచ్చు, బుల్డోజరునూ తేవచ్చు. మ్యాప్ గీసినవాడికి అది ఎటు పోతుందో చేతిలో ఉండదు. అందుకని ఇంటింటి వివరాలు బస్తీవాళ్ల నోటుపుస్తకంలోనే ఉంచాం. బయటికిచ్చే మ్యాప్‌లో గల్లీ మొత్తానికి ఒకే గుర్తు. దీనివల్ల మ్యాప్ కచ్చితత్వం తగ్గింది. కంపెనీలో అయితే ఈ పని ఒప్పుకోరు. నాకు మాత్రం ఇదే సరైనదనిపిస్తుంది.

ఇలా తమ చోటును తామే గీసుకున్నవాళ్లు వేరేచోటా ఉన్నారు. కెన్యాలో నైరోబీ నగరంలోని కిబెరా అనే పెద్ద బస్తీ 2009 దాకా మ్యాపుల్లో ఉత్త ఖాళీ. అక్కడి కుర్రాళ్లే జీపీఎస్ పట్టుకుని నడిచి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాప్‌లో గల్లీలు, నల్లాలు, బడులు పెట్టుకున్నారు. మా గల్లీలను కూడా మా పిల్లలే ఆ మ్యాప్‌లో పెట్టారు. పేర్లు వాళ్లు పిలుచుకునేవే.

అశోక్‌నగర్ హాస్టళ్ల సంగతి ఇంకా తెగలేదు. జిల్లాల నుంచి వచ్చి గ్రూప్-1, గ్రూప్-2, ఎస్ఐ ఉద్యోగాలకు చదివే పిల్లలు ఒక్కో గదిలో నలుగురు, అయిదుగురు ఉంటారు. ఆధార్‌లో ఊరి చిరునామా, ఓటు ఊళ్లో. నేను వాడిన 2011 జనాభా లెక్కల్లో వాళ్లు ఈ వార్డులో లేరు. కాబట్టి ‘ఇంతమందికి ఇన్ని ఫిర్యాదులు’ అని నేను తీసిన నిష్పత్తి అక్కడ మొదటినుంచీ తప్పే. ఒక హాస్టల్ సెల్లార్‌లో స్టడీ హాలు ఉంది. అక్కడ ఒక కుర్రాడు తడిసి ఉబ్బిన పాలిటీ పుస్తకాన్ని ఫ్యాను కింద పేజీ పేజీ విడదీసి ఆరబెట్టుకుంటున్నాడు. ఫిర్యాదు ఇచ్చావా అంటే ‘ఓనరు ఖాళీ చేయమంటాడన్నా, మెయిన్స్ నెలలో ఉంది’ అన్నాడు. మరుసటి ఏడు వెళితే అతను లేడు. వేరే కుర్రాళ్లు, వాళ్లకు కిందటేడు నీళ్లు వచ్చిన సంగతే తెలియదు. అక్కడ మాత్రం ప్రతి వేసవిలో మ్యాప్‌ను మళ్లీ బూడిదరంగుకు తెచ్చి కొత్తగా అడగాల్సి వస్తోంది.

కొత్త మ్యాప్‌తో మళ్లీ కూర్చున్నప్పుడు బస్తీ నుంచి ఆడవాళ్లు వచ్చారు, హాస్టల్ పిల్లలూ వచ్చారు. మోటారు ఒక్కటే. బస్తీలో నీళ్లు హఠాత్తుగా, నడుము దాకా వస్తాయి, నాలా దిగితే గంటలో పోతాయి. హాస్టల్ సందులో మోకాలు దాటవు కానీ సెల్లార్లలో రెండు రోజులు కదలవు. మోటారు నిజానికి పనికొచ్చేది హాస్టల్ సందులోనే, బస్తీకి కావాల్సింది వాల్వులు. ఈ మాట ముందు అన్నది బస్తీ ఆవిడే. అయితే వాల్వులు వచ్చేదాకా తమ చోట మోటారు ఉండాల్సిందేనంది, నిద్రలో ఉన్న పసిపిల్లల సంగతి చెప్పి. వాదన చాలాసేపు నడిచింది. లోతు ముఖ్యమా, నిలిచే గంటలు ముఖ్యమా అన్నది నా మ్యాప్ తేల్చలేదు. తేల్చాల్సింది ఆ గదిలో ఉన్నవాళ్లే. చివరికి వానలు మొదలయ్యే ముందు మోటారును బస్తీ మొగదల ఉంచాలని, నాలా మట్టం దిగిన వెంటనే హాస్టల్ సందుకు తరలించాలని, ట్రాలీ తాళంచెవి రెండు చోట్లా ఒక్కొక్కటి ఉండాలని రాసుకున్నారు. వాల్వుల అర్జీకి బస్తీ గోడల మీది కొలతలన్నీ జత చేశాం. మోరీ నోళ్లలో కొన్నిటికి బిగించారు, మిగతావాటి కోసం తిరుగుతూనే ఉన్నాం.